లైట్‌హౌస్ మెట్ల మీద చెప్పిన మాట

ఆ రేవు సముద్రంలో ఎన్ని తిమింగలాలున్నాయో గానీ, అంతకు రెట్టింపు కోతలరాయుడి నోట్లో ఉండేవి. ఊరు చూడ్డానికి ఓడ దిగినవాళ్లని వెంటబెట్టుకుని పాత కోట, ఫిరంగులు, గడియార స్తంభం, లైట్‌హౌస్ చూపించడం ఆయన పని. గడియారం వెనకబడి నడవడానికి కారణం పెద్దముల్లు మీద ఒక కొంగ కాపురం పెట్టడమేనట. కోటగోడకి పడ్డ బొక్క శత్రువుల ఫిరంగి వల్ల కాదట, లోపలున్న సేనాపతి తుమ్మితే పడిందట.

ఇన్ని కోతలు కోసినాయన ఒక్క నిజం చెప్పబోయి బోర్లాపడ్డాడు.

పోయిన చలికాలం ఆయన భార్య, తన చెల్లెలి పురిటికని అవతలి ఒడ్డుకి వెళ్లి, అక్కడే జ్వరంతో కన్నుమూసింది. ఆయన వెళ్లి, జరగాల్సినవన్నీ జరిపించి, తిరిగొచ్చి రేవులో టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు. "మీ వదిన పోయిందిరా," అన్నాడు.

టీకొట్టువాడు గ్లాసులు కడుగుతూ పగలబడి నవ్వాడు. "మొన్నేమో తిమింగలం మీసాలు దువ్వుకుంది, ఇవాళ వదిన పోయిందా? చాల్లే అన్నా! ఆవిడ విన్నదంటే చీపురు తిరగేస్తుంది."

చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. పాడు అలవాటు, ఈయన నోరు కూడా నవ్వేసింది. అంతే, ఆ మాట గొంతులోనే గూడు కట్టుకుంది. అప్పట్నుంచి ఎవరైనా "వదినెప్పుడొస్తుంది?" అంటే, "అక్కడి చేపలు ఆవిణ్ణి వదలట్లేదురా, కుట్లూ అల్లికలూ నేర్పమని కూర్చున్నాయి," అంటాడు. ఇంట్లో మటుకు ఆవిడ దువ్వెనకి చిక్కుకున్న వెంట్రుకలు అలాగే ఉన్నాయి. తలుపు తీస్తే పలకరించేది గొళ్లెం ఒక్కటే.

ఆ రోజు ఓడ దిగినవాళ్లలో బట్టలు కుట్టే అమ్మాయి ఒకతి నేరుగా ఈయన ఎదుటికొచ్చి నిలబడింది.

"బాబాయ్, నాకు వినపడదు. పెదాలు చూసి తెలుసుకుంటాను. నావైపు తిరిగి మాట్లాడితే చాలు," అంది. ఎత్తుపల్లాల్లేని గొంతు, ఇస్త్రీ చేసినట్టు.

"నా నోటికి ఇంత మర్యాద ఎవరిచ్చారు తల్లీ! పద," అన్నాడాయన.

ఊరంతా వెనక్కి వెనక్కి నడుస్తూ చూపించాడు. ఒక ఫిరంగికి నడ్డి కొట్టుకుంటే దానికే క్షమాపణ చెప్పాడు. కోట దగ్గర ఆమె ఆగింది.

"తుమ్మితే ఇంత గోడ పడిందా?"

"పడదా మరి! ఆయన ముక్కు నువ్వు చూళ్లేదు."

"మీరు చూశారా?"

"మా ముత్తాత చూశాడు. ఆ ముక్కు నీడలో పడుకునే పెద్దవాడయ్యాడు."

ఆమె కిలకిలా నవ్వింది. నవ్వుతున్నా కళ్లు మాత్రం ఈయన నోటిని వదల్లేదు. అంత శ్రద్ధగా తనని చూసి ఎన్నాళ్లయిందో! ఈ పిల్లకి చెబితే? కోతలరాయుడి పేరు కూడా తెలీదు కదా, నమ్ముతుందేమో.

లైట్‌హౌస్ లోపల మెలికలు తిరిగిన మెట్లు. ఉప్పుగాలికి తుప్పుపట్టిన కిటికీలు మూసేశారు, కళ్లు పొడుచుకున్నా కనపడదు. ఈయన ముందు, ఆమె వెనక. ఆ చీకట్లో ఎక్కడలేని ధైర్యమొచ్చింది. జ్వరం సంగతి చెప్పాడు. తాను చేరేసరికి నుదురు చల్లబడిపోయిందన్నాడు. టీకొట్టువాడి నవ్వూ, తన నవ్వూ చెప్పాడు. మధ్యమధ్యలో మెట్టు మీదే ఆగిపోయి, మళ్లీ చెప్పాడు.

"ఇది నిజం తల్లీ. నమ్ముతావా?"

పైన వెలుతుర్లోకొచ్చి వెనక్కి తిరిగాడు. ఆమె కమ్మీ పట్టుకుని, తలొంచి, మెట్టు మెట్టూ తడుముకుంటూ వస్తోంది. అప్పుడు తట్టింది ఈ మహానుభావుడికి.

"మధ్యమధ్యలో ఆగారు. ఏదో చెబుతున్నారనుకున్నాను," అందామె, ఎదురుగా నిలబడి. "ఏంటది?"

కింద ఊరంతా పరుచుకుని ఉంది. కోట అగ్గిపెట్టెంత, ఓడలు చెప్పులంత. ఆమె కళ్లు ఈయన పెదాల మీదే. పొద్దున్నుంచీ కోతలే వడ్డించాడు ఈ పిల్లకి. ఈమె కూడా నవ్వేస్తే?

"ఈ మెట్లెక్కి ఒక తిమింగలం పైకొచ్చిందమ్మా," అన్నాడు. "దిగడం చేతకాక, ఇక్కడే దీపం తుడిచే ఉద్యోగంలో చేరిపోయింది."

ఆమె నవ్వింది. నవ్వి, ఎక్కొచ్చిన మెట్లవైపు ఓసారి చూసి ఇటు తిరిగింది. "దానికి అన్నిసార్లు ఆగారా?"

"తిమింగలం కదా తల్లీ, ఆయాసం."

సాయంత్రం ఓడ కూత వేసింది. ఆమె ఓడకి వేసిన బల్లెక్కి లోపలికెళ్లి, అంచున నిలబడి చెయ్యూపింది. తాళ్లు విప్పారు. ఓడకీ గట్టుకీ మధ్య నీళ్లు జానెడయ్యాయి, బారెడయ్యాయి. ఇక ఆగలేకపోయాడు. పక్కనున్న కూలీలకి వినపడకుండా, గొంతు లేకుండా, ఉత్త పెదాలతో అన్నాడు.

"నా భార్య చనిపోయింది. నిజం."

మళ్లీ అన్నాడు, నోరు పెద్దగా తెరిచి, ఒక్కో మాటా విడదీసి.

ఊగుతున్న చెయ్యి ఆగిపోయింది. ఆమె కమ్మీ మీదికి వంగింది. నవ్వుతోందా? పొద్దు ఆమె వెనకుంది, మొహం తెలియడం లేదు. ఓడ కాస్త వాలుగా తిరిగాక ఆ పెదాలు కదలడం కనిపించింది. చప్పుడంతా ఇంజనే మింగేసింది. ఆమె మళ్లీ చెప్పింది, ఈయనలాగే నోరు పెద్దగా తెరిచి, నెమ్మదిగా.

ఆయనకి పెదాలు చదవడం రాదు.

ఓడ మలుపు తిరిగింది. కూలీలు ఇళ్లకెళ్లిపోయారు. కోతలరాయుడు గట్టు చివర నిలబడి, ఆమె నోరు తెరిచినట్టే తెరిచి, మూసినట్టే మూసి, దాన్లో ఏ మాట పడుతుందోనని చూసుకుంటూ ఉండిపోయాడు.