పడవ మీద మీటింగు

ముత్తుకూరుకు దిగువన ఉప్పుటేటి ఒడ్డున చేపలోళ్ల సంఘం పెట్టిన రెండో ఏడు పెంచలమ్మను డైరెక్టరును చేశారు. ఆమె అడిగి కాదు. తొమ్మిదిమందిలో ఒక ఆడమనిషి ఉంటే చూడ్డానికి బాగుంటుందని సహకార శాఖ ఇన్‌స్పెక్టరు అన్నాడట. మొగుడు లేనిది, అడ్డు చెప్పేవాళ్లు ఉండరని ఆమె పేరు రాసేశారు. అప్పట్నుంచి తీర్మానాల పుస్తకం ఆమె గుడిసెకే వచ్చేది. చేపలు తోముతున్న చెయ్యి కొంగుకు తుడుచుకుని వేలిముద్ర వేసేది. లోపల ఏం రాశారో ఆమె అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఈసారి అడిగింది. సంఘం పడవల్లో పడే చేపనంతా మద్రాసు ఐసు లారీకే ఇచ్చేయాలని తీర్మానం పెడుతున్నారని కొడుకు మునెయ్య చెప్పాడు. అదే జరిగితే తెల్లారి ఒడ్డున గంప పట్టుకుని నిలబడే ముప్పైమంది ఆడవాళ్లకు ఒక్క చేప మిగలదు. ఆ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి పెంచలమ్మ మునెయ్యను పెంచింది. మగ డైరెక్టర్లలో నలుగురు లారీ వైపు, నలుగురు గంపల వైపు. తొమ్మిదో చెయ్యి ఆమెది.

"నువ్వు చెయ్యెత్తితే చాలొదినా, మా పొయ్యిలు ఆరవు" అంది గంపలమ్ముకునే కామాక్షమ్మ.

మీటింగు రోజు, ఆదివారం, ఉతికిన చీర కట్టుకుని పెంచలమ్మ సంఘం పాకకు పోతే తాళం వేసి ఉంది. లారీ వైపున్న ప్రెసిడెంటు చెంచురామయ్య మీటింగును ఏట్లో నిలిపిన కొత్త పడవ మీద పెట్టాడు. ఎనిమిదిమందీ ఎక్కి కూర్చున్నారు.

ఆ ఒడ్డున ఆడది పడవ ఎక్కదు. ఎక్కితే దాని మీద వేటకు పోయిన మగవాడు తిరిగి రాడంటారు.

పెంచలమ్మ మోకాటిలోతు నీళ్లలో నడిచి పడవ దగ్గరకు వచ్చింది.

"ఏందబ్బయా, పాకకేమొచ్చింది?"

"ఆడ ఉక్కగా ఉండాదత్తా. ఈడ గాలి బాగుండాది. రా, ఎక్కు. నిన్నెవురు వద్దన్నారు?" చెంచురామయ్య నవ్వాడు.

"ఈణ్ణించే చెయ్యెత్తతా. లెక్కపెట్టుకో."

"నీళ్లలో ఉండేవాళ్లు మీటింగుకొచ్చినట్టు కాదత్తా. రూలు అట్లుండాది."

గంపల వైపువాళ్లలో ఒకడు "పోనీలే ప్రెసిడెంటూ" అని గొణిగాడు గానీ, ఎక్కమని వాడూ అనలేదు.

ఆమె పడవ అంచు మీద చెయ్యి వేసింది. కొయ్య ఎండకు కాలుతోంది. రేపు తెల్లారితే ఈ పడవ మీద పోయేవాడు మునెయ్య. మొగుణ్ణి సముద్రం తీసుకున్న ఏడు, తోడికోడలు పొరపాటున పడవలో కాలు పెట్టిందని ఊరంతా ఆమెను తిట్టిపోసింది. అందరికంటే గట్టిగా తిట్టింది పెంచలమ్మే. చెయ్యి వెనక్కి తీసుకుంది.

నాలుగూ నాలుగూ సమానమయ్యాయి. సమానమైతే ప్రెసిడెంటుకు ఇంకో ఓటు ఉంటుంది; చెంచురామయ్య దాన్నీ లారీకే వేశాడు. డైరెక్టరు పెంచలమ్మ హాజరు కాలేదని రాయించాడు.

ఒడ్డుకు రాగానే కామాక్షమ్మ మీదికొచ్చింది. "ఏందొదినా, ఒక్క అడుగు! డైరెక్టరమ్మవు గదా నువ్వు!"

"నీ మొగుడూ రేపు ఆ పడవ మీదే పోతుండాడు గదే కామాక్షీ. చెప్పు. ఇప్పుడన్నా ఎక్కమంటావా?"

కామాక్షమ్మ వెనకున్న ఆడవాళ్ల వైపు చూసింది పెంచలమ్మ. ఒక్కరూ ఎక్కమనలేదు. పడవ మీద అప్పటికే ఇంకో తీర్మానం చదువుతున్నారు.