శ్రీశైలం సంచి ఎవరు తీశారు?

నేను ఒక రెక్సిన్ సంచిని. గోధుమరంగు ఒళ్ళు, రెండు పిడులు, పైన ఒక జిప్పు. నన్ను దొంగిలించాడని ఇప్పుడు ఒక మనిషిని పోలీసులకు పట్టివ్వబోతున్నారు. నన్నెవరూ దొంగిలించలేదు. నేను పక్కింట్లోనే, తాళం వేసిన తలుపు వెనక, దేవుడి గదిలో పీట మీద కూర్చుని ఉన్నాను. కిటికీ తెరిచే ఉంది కాబట్టి గోడ అవతలి కేకలన్నీ వినిపిస్తున్నాయి.

"యాడ పెట్టావో చెప్పు బాజీ. మర్యాదగా అడుగుతున్నా."

ఈ గొంతు శ్రీహరిది. గోడ అవతలి మా ఇంటి ఇల్లాలు సత్యవేణికి తమ్ముడు. ఈ శ్రీశైలం ప్రయాణానికి కర్త, కర్మ, క్రియ అన్నీ అతనే.

"నేనసలు సంచే చూళ్ళేదు సార్. నిన్న సాయంత్రం మీరు ఎక్కించినయ్యి రెండు నీళ్ళ క్యాన్లు, దుప్పట్లు, మామ్మగారి మడతకుర్చీ. బండంతా ఇప్పి చూసుకోండి, వద్దన్నానా?"

ఇది డ్రైవర్ బాజీ. కారు అతనిది కాదు. నరసరావుపేట ట్యాక్సీ స్టాండులో ఒక ఓనరు దగ్గర నడుపుతున్నాడు. ఆ స్టాండులో డ్రైవరుకి తాగుబోతని పేరొస్తే నెల్లాళ్ళలో మర్చిపోతారు. దొంగ అని పేరొస్తే మాత్రం మరే ఓనరూ తాళం చెవి చేతికివ్వడు. ఆ సంగతి బాజీకి తెలుసు, శ్రీహరికీ తెలుసు. అందుకే ఒకరి గొంతు అంత వణుకుతోంది, ఇంకొకరిది అంత లేస్తోంది.

అప్పటికి ఆదివారం పొద్దున ఆరు దాటింది. పదకొండున్నరకి స్పర్శ దర్శనం. దారి అయిదు గంటలు. దర్శనం టికెట్లు, నలుగురి ఆధార్ కార్డులు, మోకాలి ఆపరేషన్ నయమైతే మల్లన్నకి ఇస్తానని పెద్దావిడ ఆదిలక్ష్మమ్మ మొక్కుకున్న వెండి మారేడు దళం, అన్నీ నా కడుపులోనే ఉన్నాయి.

నా పుట్టుక గురించి గొప్పగా చెప్పుకోడానికేమీ లేదు. గుంటూరులో ఒక కుట్టుపనివాడు ఒకే పూట కుట్టి పడేసిన పన్నెండు సంచుల్లో నేను తొమ్మిదోదాన్ని. మొదట నన్ను కొన్నది పల్లెటూళ్ళు తిరిగే ఆర్.ఎం.పి. డాక్టరు. జ్వరానికీ అదే సూది, నడుంనొప్పికీ అదే సూది. రోగం తగ్గితే ఆయన హస్తవాసి, తగ్గకపోతే రోగి కర్మ. ఆ సూదులు మోస్తూ ఆరేళ్ళు మోపెడ్ హ్యాండిల్‌కి వేలాడాను. చేతిలో నాలుగు డబ్బులు ఆడాక ఆయన తోలు పెట్టె కొనుక్కుని, నన్ను పాతసామాన్ల కొట్టుకి పంపించాడు.

అక్కడ నన్ను ఏరుకున్నవారు ఉమాకాంతం మాస్టారు. సత్యవేణి భర్త, ఆదిలక్ష్మమ్మ కొడుకు, హైస్కూల్లో సైన్సు మాస్టారు. సాయంత్రాలు మూఢనమ్మకాల మీద యుద్ధం చేస్తారు. ఆ యుద్ధానికి ఆయుధశాలను నేను. పసుపు పూసిన గుడ్డ, సున్నపు తేట సీసా, కర్పూరం బిళ్ళలు నాలో పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. గుడ్డ మీద సున్నపు తేట చల్లి, అది ఎర్రబడగానే "ఇదేనమ్మా మీ బాబాగారు చూపించే రక్తం!" అనేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. నాకూ గర్వంగానే ఉండేది. ఎంతైనా సూదులు మోసిన ఒళ్ళు సత్యాన్ని మోస్తోంది కదా!

అయితే మనిషిని వేదిక మీద చూసినవాళ్ళు వేరు, అతని చేతికి వేలాడినవాళ్ళు వేరు. ఉపన్యాసానికి బయల్దేరుతుంటే పిల్లి ఎదురైందనుకోండి. మాస్టారు ఆగేవారు కాదు. చెప్పులో రాయి పడిందనేవారు. ఆ రాయి తీయడానికి సరిగ్గా రెండు నిమిషాలు పట్టేది. మళ్ళీ బయల్దేరేటప్పుడు కుడికాలే ముందు పడేది. పద్నాలుగేళ్ళలో ఆ చెప్పులోంచి ఒక్క రాయి రాలడం నేను చూడలేదు.

ఇక ఈ ప్రయాణం. ఆదిలక్ష్మమ్మ మొక్కు తీర్చాలనుకున్నాక శ్రీహరి ఫోనులో ఒక గ్రూపు పెట్టాడు. పేరు 'శివయ్య పిలుపు'. శివయ్య ఏం పిలిచాడో గానీ, అందులో వచ్చిన రెండొందల పై చిలుకు మెసేజీల్లో నూట అరవై పులిహోరా దద్దోజనమా అన్నదాని మీదే. మిగతావి టైంటేబులు. వినుకొండలో టీకి ఎనిమిది నిమిషాలు. దోర్నాలలో కాళ్ళు చాచుకోడానికి అయిదు, పెద్దావిడకి ఏడు. సాక్షి గణపతి దగ్గర పదిహేను, మనం వచ్చామని ఆయన రాసుకోవాలి కాబట్టి. మల్లన్న దగ్గర ఎంతసేపో ఎవరూ రాయలేదు.

శుక్రవారం ఆదిలక్ష్మమ్మ ఒక మాట అంది.

"ఒరే ఉమా, ఆదివారం పడమటికి శూలరా. శ్రీశైలం మనకి పడమరేగా. శనివారం మంచి గడియ చూసి పడమటి పక్కింట్లో ప్రస్థానం పెట్టిస్తే దోషం పోద్ది."

ప్రస్థానం అంటే తెలియని కుర్రకారు కోసం చెబుతున్నాను. బయల్దేరే రోజు మనం పోయే దిక్కుకి శూల ఉంటే, అంటే మంచిది కాకపోతే, ముందురోజే మంచి వేళకి మన సామానొకటి ఆ దిక్కున ఉన్న ఇంట్లో పెట్టి రావాలి. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే. మర్నాడు దాన్ని తీసుకుని మన దారిన మనం పోవచ్చు. దిక్కుల్ని ఇంత సులువుగా బురిడీ కొట్టించవచ్చని కనిపెట్టిన బుర్రకి నా జోహార్లు.

మాస్టారు పకపకా నవ్వారు. "అమ్మా, భూమి గుండ్రంగా ఉంది. పడమరకి పోతా ఉంటే తూర్పున తేల్తాం. దారిలో శూలం పట్టుకుని నిలబడేదెవరు, ట్రాఫిక్ కానిస్టేబులా?"

శ్రీహరి విరగబడి నవ్వాడు. సత్యవేణి కూడా నవ్వింది. పెద్దావిడ గమ్మున లోపలికి పోయింది.

శనివారం మధ్యాహ్నం మాస్టారి స్కూటరు పంక్చరైంది. అంతే. ఇరవయ్యేళ్ళ విజ్ఞానశాస్త్రానికి ఒక్క మేకు దెబ్బతో గాలి పోయింది. సాయంత్రం బాజీ కారు తెచ్చాడు. తెల్లవారుజామున హడావిడి పడకుండా సామాను ముందే ఎక్కించుకుని, రాత్రికి కారు తన ఇంటి దగ్గర పెట్టుకుంటాడు. సత్యవేణి నాలో అన్నీ సర్ది, "ఏవండీ, ఈ సంచి కార్లో పెట్టించండి" అని మాస్టారి చేతికిచ్చింది.

గేటు దాకా వచ్చి ఆయన అటూ ఇటూ చూశారు. బాజీ వెనక డిక్కీలో క్యాన్లు సర్దుతున్నాడు. మాస్టారు చెప్పులో మళ్ళీ రాయి పడింది. కుడికాలు ముందు పెట్టి పడమటింటి గేటు తోశారు.

ఆ ఇంటావిడ రాజ్యలక్ష్మి నోరెళ్ళబెట్టింది. "మాస్టారూ! మీరా ప్రస్థానం పెట్టేది?"

"మెల్లగా అమ్మా, మెల్లగా. ఇందులో సైన్సుకి వచ్చే నష్టమేం లేదు గదా. ఈ ఒక్క రాత్రి ఉంచండి. పొద్దున అయిదింటికి వచ్చి పట్టుకుపోతా. ఎవరితోనూ అనబాకండి."

"అయిదున్నరకి మేం వాకింగుకి పోతాం. ఆలోపు రండి మరి."

ఆవిడ నా పిడికి పసుపు కొమ్ము కట్టి, పీట మీద కూర్చోబెట్టింది. మాస్టారు ఇంటికి వెళ్ళి "పెట్టించేశా" అన్నారు. ఎక్కడ అని ఎవరూ అడగలేదు.

రాత్రి ప్రశాంతంగా నిద్రపోయారు కాబోలు, ఆదివారం ఆయనకి అయిదూ నలభైకి గానీ మెలకువ రాలేదు. అప్పటికి రాజ్యలక్ష్మి తలుపు తాళం వేసుకుని వాకింగుకి వెళ్ళిపోయింది. ఆయన వచ్చి తాళాన్ని రెండుసార్లు లాగి చూసిన చప్పుడు నేను విన్నాను.

గోడ అవతల ఇప్పుడు విచారణ జరుగుతోంది. చేస్తున్నది ఎవరనుకున్నారు?

"ఆవేశపడకు శ్రీహరీ. ఏదైనా శాస్త్రీయంగా తేలాలి" అన్నారు మాస్టారు గొంతు సవరించుకుని. "బాజీ, రాత్రి కారు ఎక్కడ ఆపావు?"

"మా ఇంటి ముందే సార్."

"లాక్ చేశావా?"

"చేశాను సార్."

"అంటే నువ్వు తప్ప ఇంకొకరు తెరిచే అవకాశం లేదు."

"తెరవడానికి సంచి ఉండాలి గదా సార్! మీరు నా చేతికిచ్చారా? మీరే చెప్పండి సార్, ఇచ్చారా?"

మాస్టారు మళ్ళీ గొంతు సవరించుకున్నారు. నా ఒంటి రెక్సిన్ ఆ క్షణంలో వేడెక్కింది. నాకు జిప్పు తెరుచుకుంటుంది గానీ మాట రాదు.

"మా బావనే ఎదురడుగుతావా?" అని శ్రీహరి ఎగిరాడు. "నీ ఓనరుకి ఫోన్ చేస్తున్నా. ఆ తర్వాత స్టేషనే!"

"పొద్దున్నే ఆ మాటలెందుకురా" అంది ఆదిలక్ష్మమ్మ. "ఆ పిల్లోడి మొహం చూడు, నెత్తురు చుక్క లేదు."

సరిగ్గా అప్పుడే తాళం తెరుచుకుంది. రాజ్యలక్ష్మి లోపలికి రాగానే, ఆమె వెనకే, దొడ్డిదారిన, మాస్టారు.

"అమ్మా, మీకు దండం పెడతా. సంచి మా గేటు పక్క గన్నేరు చెట్టు కింద దొరికిందని చెప్పండి. ఈ సంగతి బయటపడితే ఊళ్ళో తలెత్తుకోలేను."

"అబద్ధమా మాస్టారూ? దేవుడి గదిలో నిలబడా?"

"ఎవరికీ నష్టం లేని అబద్ధం అమ్మా. సంచి దొరికితే ఆ డ్రైవరూ బయటపడతాడు."

ఆ మాటకి ఆవిడ మెత్తబడింది. మాస్టారు పసుపు కొమ్ము తెంపి జేబులో వేసుకుని, వచ్చిన దారినే మాయమయ్యారు. ఆవిడ నన్ను చేత్తో పట్టుకుని ముందు గేటులోంచి వెళ్ళింది.

"వదినా, ఇది మీదేనా? మీ గన్నేరు చెట్టు కింద పడుంది."

సత్యవేణి నన్ను లాక్కుని జిప్పు తీసింది. టికెట్లు ఉన్నాయి. కార్డులు ఉన్నాయి. పెద్దావిడ వెండి దళాన్ని కళ్ళకద్దుకుంది. బాజీ కారుకి చేరగిలబడి ఊపిరి పీల్చుకున్నాడు. కథ ఇక్కడితో అయిపోతే మాస్టారు గెలిచేవారే.

"చూశారా!" అని చిటిక వేశాడు శ్రీహరి. "స్టేషను పేరెత్తగానే చెట్టు కిందకి విసిరేశాడు. తియ్యకపోతే విసరడమెట్టా? అన్నా, విన్నావుగా?"

అప్పటికే ఓనరు ఫోనులో ఉన్నాడు. స్పీకరులోంచి గొంతు ఖంగుమంది. "విన్నా. ఒరే బాజీ, తాళం చెవి వాళ్ళ చేతికిచ్చి నడువు. వేరే డ్రైవర్ని పంపిస్తున్నా. మళ్ళీ స్టాండులో కనపడబాక."

"అన్నా, అల్లా మీద ఒట్టు. నేను..."

ఫోను ఆగిపోయింది.

బాజీ జేబులోంచి తాళం చెవి తీశాడు. ఎవరి చేతికివ్వాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడి, చివరికి బానెట్ మీద పెట్టాడు. మాస్టారు వాచీ చూసుకున్నారు.

"సరేలే, దొరికింది కదా. ఇంక ఆ విషయం వదిలేద్దాం. టైమవుతోంది" అన్నారు.

బాజీ గేటు దాటాడు. రాజ్యలక్ష్మి అతన్ని చూసింది, మాస్టారిని చూసింది. మాస్టారు కళ్ళతోనే బతిమాలారు. ఆవిడ చటుక్కున సత్యవేణి చేతుల్లోంచి నన్ను లాక్కుంది.

"ఆగు బాజీ! ఏయ్ అబ్బాయ్, ఆగమంటుంటే!"

బాజీ ఆగాడు. సందులో పాలు పోయించుకుంటున్న ఆడవాళ్ళు కూడా ఆగారు.

"నేను అబద్ధం చెప్పాను వదినా. ఈ సంచి చెట్టు కింద దొరకలా. రాత్రంతా మా దేవుడి గదిలో ఉంది."

"మీ ఇంట్లోనా?" సత్యవేణి ముందుకొచ్చింది. "ఎవరు పెట్టారు?"

రాజ్యలక్ష్మి నన్ను రెండు చేతులా పైకెత్తి, సందు సందంతా వినపడేలా అరిచింది.

"శూల తగలకుండా ప్రస్థానం పెట్టుకున్నాడు తల్లీ, మీ ఆయన! ఉమాకాంతం మాస్టారు!"