మోదుగుతోగులో నిమ్మచెట్టు

ఆకుపచ్చ కలర్ పెన్సిలు బొటనవేలి గోరంత మిగిలింది. సోమమ్మ దాన్ని కత్తిపీట అంచుకు ఆనించి, బెండకాయ ముచ్చిక తీసినంత జాగ్రత్తగా చెక్కి, మొన బయటపడ్డాక నాలుక మీద అద్దుకుని చూసింది. అప్పటికే రెండు డ్రమ్ముల నీళ్ళు పట్టింది, వాకిలి ఊడ్చింది, అన్నం వార్చింది. పెద్ద మనవరాలు అఖిల కోచింగుకని ఆరింటికే వెళ్ళిపోయింది. చిన్నది భాను జడ కోసం వీపు తిప్పి కూర్చుని, ఎక్కాల పుస్తకం ఒళ్ళో పెట్టుకుని టీవీ చూస్తోంది.

సోమమ్మ పెన్సిలును కొంగు చివర ముడేసుకుని దువ్వెన అందుకుంది. ఆమె కుడి భుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు కిందికి ఉంటుంది. కొత్తగూడెంలో క్వార్టర్ల వీధులు పన్నెండేళ్ళు ఊడ్చిన భుజం అది. చీపురు వదిలి ఆరేళ్ళయినా పైకి లేవలేదు. అరచేతుల్లో గీతలన్నీ నల్లగా ఉంటాయి. బొగ్గు పొడి ఊడ్చిన చేతులకు ఏ సబ్బూ పనిచేయదని భర్త మొండయ్య బతికున్నప్పుడు నవ్వేవాడు. ఆయన చేతులూ అంతే. ఆయన పోయాక ఆ బొగ్గుబాయి పని కొడుకు సమ్మయ్యకు వచ్చింది. ఇప్పుడు వాడి చేతులూ నల్లబడుతున్నాయి.

"అత్తమ్మా, నేను పోతున్న. కూర గిన్నె మూత తియ్యకు, చల్లారిపోతది," అంటూ కోడలు నవత చెప్పులేసుకుంది. ఆమె బస్టాండు దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తుంది. మంచి పిల్ల. ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. అసలు మాట్లాడే తీరికే ఆమెకు తక్కువ.

"నవతా, నేనియ్యాల టేకులపల్లి పోయొస్త. జంపక్కను ఒక మాట అడగాలె."

"ఫోన్ చేసి అడగరాదా?"

"ఫోన్ల ఆమెకు సరిగ ఇనపడదు."

"జల్దీ రా మరి. ఆధార్ కార్డు మరిచిపోకు," అని నవత భానును బండి వెనక కూర్చోబెట్టుకుని వెళ్ళిపోయింది. సమ్మయ్య మొదటి షిఫ్టు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు.

సోమమ్మ మంచం కింది నుంచి లాంగ్ నోటుబుక్కు తీసింది. నిరుటి లెక్కల పుస్తకం అది. సగం భాను రాసి వదిలేసింది. మిగిలిన సగంలో మోదుగుతోగు ఉంది.

మోదుగుతోగు ఇప్పుడు లేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఓపెన్‌కాస్టు బొగ్గుబాయి కింద పోయింది. నలభై రెండు ఇళ్ళు, ఒక బావి, ఒక బడి, వాగు. పరిహారం తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఊరున్న చోట ఇప్పుడు కొండంత లోతు గుంత. అంచు మీద నిలబడితే కిందున్న లారీలు చీమల్లా కనిపిస్తాయని సమ్మయ్య చెప్పాడు. సోమమ్మ ఎప్పుడూ చూడలేదు.

బొమ్మలు మొదలుపెట్టింది భానుకు జ్వరం వచ్చినప్పుడు. పిల్లను ఊరుకోబెట్టడానికి కోడిని గీసింది. కోడికి వాకిలి కావలసి వచ్చింది. వాకిలికి ఇల్లు కావలసి వచ్చింది. ఆ ఇల్లు చూస్తే పక్కింటివాళ్ళు గుర్తొచ్చారు. పిల్లకు జ్వరం తగ్గింది గానీ సోమమ్మ చెయ్యి ఆగలేదు. ఒక్కో పేజీకి ఒక్కో ఇల్లు. ఆమె బొమ్మల్లో తలుపులన్నీ తెరిచే ఉంటాయి, మనుషులు ఇంటి కంటే పొడుగ్గా ఉంటారు. ఎవరి చేతిలో ఏముండేదో అదే ఉంటుంది. ఒకామెకు చేట, ఒకాయనకు చుట్ట, బడిపంతులుకు గొడుగు.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. "అత్తమ్మకు టైంపాస్," అని నవత పక్కింటామెకు చెబుతుంటే విన్నది. "కండ్లు పాడైతయమ్మా," అని సమ్మయ్య ఒకసారి అన్నాడు. ఇది ఎవరిల్లు, ఈ మనిషి ఎవరు అని మాత్రం ఎవరూ అడగలేదు. మొన్న తనే కొడుకు ముందు పుస్తకం పెట్టింది. "చెంచురామయ్య ఇంటికీ నీళ్ళ బాయికీ నడుమ ఏముండెరా?" అని అడిగింది. వాడు అన్నం కలుపుతూ, "ఎవలకు యాదికుంటదమ్మా గదంతా," అన్నాడు. తప్పు వాడిది కాదు. పదహారు గంటలు మేలుకుని ఉన్న మనిషి.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కండక్టరు కార్డు చూసి, ఆడవాళ్ళకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చాడు. టేకు చెట్లకు ఆకులు రాలిపోయి అడవి లోపలి దాకా కనిపిస్తోంది. పుస్తకం గుడ్డ సంచిలో పెట్టి సంచిని పొట్టకు అదుముకుంది, బస్సు కుదుపులకు ఎవరో లాక్కుపోతారన్నట్టు.

జంపక్క టేకులపల్లిలో కూతురింట్లో ఉంటుంది. మోదుగుతోగు ఆడవాళ్ళలో సోమమ్మకు అందే దూరంలో మిగిలింది ఆమె ఒక్కతే. మోకాళ్ళు పట్టేసి, రేకుల షెడ్డు కింద నులక మంచంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఏందే సోమమ్మా, గింత ఎండల వచ్చినవ్?"

"నిన్నొకటి అడుగుదామని అక్కా."

జంపక్క చేతులు తుడుచుకుని పుస్తకాన్ని ముక్కు దాకా తెచ్చుకుంది. చాలాసేపు చూసింది. "గిది చెంచురామయ్య ఇల్లు గాదూ?"

సోమమ్మ మంచం అంచున కూర్చుంది. "అవ్ అక్కా."

"కోడి గంత పెద్దగున్నదేందే?"

"గది ఆయన పిక్క పొడిచింది, యాదికి లేదా? పది రోజులు కుంటుకుంట తిరిగిండు."

జంపక్క భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు చూసి సోమమ్మకూ నవ్వాగలేదు. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత సోమమ్మ ఖాళీగా ఉన్న చోట వేలు పెట్టింది. "గీ నడుమ ఏముండె?"

జంపక్క రేకుల వైపు చూసింది. గింజలున్న చేటను ఒకసారి కదిపింది. "నిమ్మచెట్టు," అంది చివరికి. "పెద్దది. దాని కాయలన్నీ నేనే తెంపుకుంటుంటి."

అక్కడ నిమ్మచెట్టు లేదు. కంప కంచె ఉండేది, కంచెకు ఆనించి చెంచురామయ్య విరిగిన బండి చక్రం ఉండేది. అది సోమమ్మకు మొదటి నుంచీ తెలుసు. కొడుకును అడిగినప్పుడూ తెలుసు, బస్సెక్కినప్పుడూ తెలుసు.

"అవ్ అక్కా," అంది. "నిమ్మచెట్టే. నేనే మరిచిన."

ఇద్దరూ జొన్నరొట్టె తిన్నారు. బస్సు వేళయిందని లేస్తుంటే జంపక్క ఆమె చెయ్యి పట్టుకుంది. "మళ్లెప్పుడొస్తవే?"

"నీళ్ళ బాయి అవుతల ఇంకో ఇల్లున్నది. దాని సంగతి అడిగేందుకొస్త."

ఇల్లు చేరేసరికి నాలుగయింది. తిరుగు బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడి నిలబడి ఎడమ చెయ్యి లాగింది. మంచినీళ్ళు తాగి, గోడకు వీపు ఆనించి గచ్చు మీద కూర్చుని, కొంగు ముడి విప్పి నిమ్మచెట్టు మొదలుపెట్టింది. బడి నుంచి వచ్చిన భాను సంచి విసిరేసి, అటుగా పోతూ ఆగింది.

"నాయినమ్మా, గా చెట్టేంది?"

సోమమ్మ తలెత్తింది. ఆ మాట కోసం నెలల తరబడి చూసి, ఇక రాదనుకుని ఊరుకున్న మనిషి ఆమె. "నిమ్మచెట్టు బిడ్డా," అంది. "గాడ అసలు చెట్టు లేకుండె. కంప కంచె ఉండె."

"మరెందుకేసినవ్?"

"జంపక్క ఉన్నదన్నది. ఆమెకు గట్ల యాదికున్నది."

"తప్పు గదా?"

"ఊళ్ళె ఒక చెట్టు ఎక్కువైందని ఇప్పుడు ఎవలడుగుతరే?"

భాను పక్కన చతికిలపడింది. కాయలు తాను వేస్తానంది. పసుపు పెన్సిలు తెచ్చి, మిరపకాయలంత సన్నటి కొమ్మలకు గుమ్మడికాయలంత నిమ్మకాయలు వేసింది. సోమమ్మ వద్దనలేదు. ఈమె ఎవరు, ఆయన ఎవరు అని పిల్ల అడుగుతుంటే చెబుతూ పోయింది. నాలుగిళ్ళు చెప్పేసరికి ట్యూషన్ పిల్లలు బయటి నుంచి పిలిచారు.

"మిగిలినయి వచ్చినంక చెప్పు నాయినమ్మా."

"చెప్త. పో."

ఆరింటికి నవత వచ్చింది. దీపం పెట్టకుండానే అత్తమ్మ కునుకు తీస్తోందనుకుని లైటు వేసింది, చాయ్ పెట్టింది. చాయ్ తెచ్చి పిలిచింది. భుజం మీద చెయ్యి వేసింది. ఎప్పుడూ కిందికి ఉండే ఆ భుజం ఇంకొంచెం జారింది. అప్పటికే ఒళ్ళు చల్లబడి ఉంది.

మరునాడు పొద్దున క్వార్టరు ముందు టెంటు వేసి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు. జంపక్కను అల్లుడు ఆటోలో తీసుకొచ్చాడు. ఆమె చేతికర్ర ఊతంగా దిగి, సోమమ్మ మొహం చూసి, ఏడుపు రాక, ఓ కుర్చీలో కూర్చుండిపోయింది. కాసేపటికి భాను నోటుబుక్కు పట్టుకుని ఆమె పక్కకు వచ్చి నిలబడింది. ఏడ్చి ఏడ్చి పిల్ల మొహం ఉబ్బి ఉంది.

"నువ్వేనా జంపక్కవు? గిది నువ్వు చెప్పిన చెట్టేనా?"

జంపక్క చూసింది. పసుపు కాయల మీద వేలు ఆగింది. "గాడ ఏ చెట్టూ లేకుండె బిడ్డా," అంది మెల్లగా. "నాకు యాదికి రాలె. యాదికి లేదంటే మీ నాయినమ్మ ఇంక నా తాన రాదనుకున్న. నోటికొచ్చింది అన్న."

"నాయినమ్మకు తెలుసు. కంప కంచె ఉండె అన్నది."

"ఎప్పుడన్నది?"

"నిన్ననే. ఏసేటప్పుడే."

జంపక్క పుస్తకం మూసి పిల్ల చేతిలో పెట్టి, ఆ చేతిని అలాగే పట్టుకుని ఉంది.

డప్పులు మొదలయ్యాయి. పాడె ఎత్తారు. సమ్మయ్య ముందు నడిచాడు. ఆడవాళ్ళు మలుపు దాకా వెళ్ళడానికి లేచారు. మోకాళ్ళు పట్టేసిన జంపక్కను ఎవరూ రమ్మనలేదు. ఆమె తనంతట తానే లేచి, భాను భుజం పట్టుకుని, పేలాలు చల్లిన దారి మీద వాళ్ళ వెనక నడిచింది. టెంటు కింద ఎవరూ మిగల్లేదు. ఖాళీ కుర్చీకి ఆనించిన చేతికర్ర, అడుగున అరిగిన రబ్బరు బిళ్ళతో, గాలికి కొంచెం కొంచెంగా జారుతోంది.