మూడో ఊరి బల్ల

పొద్దున బూట్లు తొడుక్కుంటూనే తిహామేర్ పాస్టరు భార్య ఎమోకెకి తేల్చి చెప్పేశాడు.

"రేపు డీన్‌గారి దగ్గరికి వెళ్తున్నా. ఇంక నా వల్ల కాదని చెప్పేస్తా."

ఈ ప్రాంతపు సంఘాలన్నిటికీ పెద్ద ఆ డీన్. ఆయనకి ఒకసారి చెప్పాక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఎమోకె కాఫీ గ్లాసు భర్త చేతికిచ్చి, ఎదురుగా కూర్చుంది.

"ఊళ్లు నీ వల్ల కావడం లేదా, దేవుడు నీ వల్ల కావడం లేదా?"

"రెండూ ఒకటేగా."

"ఒకటెలా అవుతాయి? సరే, నీకోసం నువ్వు ప్రార్థన చేసుకుని ఎన్నాళ్లయింది?"

"బాగుంది! ముసలాళ్లందరికీ చేసేసరికే నాలుక పిడచగట్టుకుపోతోంది. నాకు కూడానా?"

పాతికేళ్లు పాస్టరు భార్యగా బతికిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. నల్లటి అంగీ మడత పెట్టి సంచిలో పెట్టి ఇచ్చింది.

ఆరోజు కొత్త ద్రాక్షారసంతో ప్రభువు బల్ల, అంటే క్రీస్తు పేరిట అందరూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన. అక్టోబరు చివర, తోటల్లో కోత అయిపోయాక, ఆ ఏటి ద్రాక్షారసం మొదట ప్రభువు బల్ల మీదికి రావాలి. ఆ తర్వాతే ఇళ్లలో గ్లాసుల్లోకి. ఆ 'తర్వాతే' అన్న మాట పైకి చెప్పుకోవడానికే అనుకోండి. రొట్టె ఎవరో ఒక ఇంటివాళ్లు చేసి తెస్తారు. ఒకప్పుడు ఊరికో పాస్టరు ఉండేవాడు. కుర్రవాళ్లంతా పట్నాలకీ పరాయి దేశాలకీ పోయాక, మూడు ఊళ్లూ తిహామేర్ నెత్తిన పడ్డాయి.

మంచులో పాత డాచియా కారు దగ్గుకుంటూ మొదటి ఊరు చేరింది. ప్రసంగం, బల్ల, తలుపు దగ్గర కరచాలనాలు. అక్కడినుంచి రెండో ఊరు. అదే ప్రసంగం, అదే బల్ల. ఆ వారంలోనే ఆయన ఒక అంత్యక్రియ జరిపాడు, పక్షవాతం వచ్చిన ఇద్దరి మంచాల పక్కన కూర్చున్నాడు, విడిపోతామన్న ఒక జంటని సముదాయించాడు. అందరికీ ఒకటే మాట. దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకి ఎప్పుడూ అనిపించలేదు. వాళ్లని ప్రేమిస్తున్నాడనే నమ్మాడు. తన సంగతే తేలలేదు. పెళ్లి వంటవాడు పొద్దుటినుంచీ వాసన పీల్చి ఆకలి లేదంటాడే, అలా ఉంది ఆయన పరిస్థితి. ఒకటే తేడా, ఈయనకి ఆకలి ఉంది. ఎవరితో చెప్పుకోవాలి? పాస్టరుకి పాస్టరెవరు?

మూడో ఊరు సిల్వాపతక చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మూడింట్లోనూ చిన్నది, అన్నిటికన్నా దూరం. చర్చి మెట్ల మీద దొమొకోష్ నిలబడి ఉన్నాడు, కోటు గుండీలన్నీ పెట్టుకుని. ఆ చర్చికి పెద్ద ఆయనే. ఎనభై దాటినా చట్టంలా నిటారుగా ఉంటాడు. పద్ధతి తప్పితే దేవదూతనైనా గుమ్మం బయట నిలబెట్టే రకం.

"ఆలస్యమైంది అయ్యగారూ."

"దారంతా మంచు బాబాయ్."

"మంచు మాకూ ఉంది. మేం టైముకే వచ్చాం."

తిహామేర్‌కి ఒళ్లు మండింది. అయినా నవ్వాడు. ఆ నవ్వు కూడా ఉద్యోగంలో భాగమే.

ప్రసంగం ఎలా చెప్పాడో ఆయనకే గుర్తు లేదు. బల్ల మీది తెల్లగుడ్డ తీశాడు. మా సంఘాల్లో పద్ధతి ఏమిటంటే, ముందు పాస్టరు తన చేత్తో తనే తీసుకోవాలి. తర్వాత మగవాళ్లు, వయసు వరసలో. ఆ వెనక ఆడవాళ్లు. రొట్టె ఇస్తూ ఒక్కొక్కరికీ ఒక్కో బైబిలు వాక్యం చెబుతాడు పాస్టరు, ఆ మనిషికి తగిందే వెతికి మరీ. తనకి మాత్రం ఎవరూ చెప్పరు. మాటల్లేకుండా నోట్లో వేసుకోవడమే.

తిహామేర్ రొట్టె తుంచి నేరుగా దొమొకోష్ ముందుకి చాపాడు. వాక్యం కూడా చెప్పేశాడు. దొమొకోష్ నోరు తెరవలేదు, చెయ్యి చాపలేదు.

"తీసుకోండి బాబాయ్."

"మీరింకా తీసుకోలేదు," అన్నాడు ముసలాయన పెదవులు కదలకుండా.

అప్పుడు గుర్తొచ్చింది పాస్టరుకి. మర్చిపోయాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ జరగలేదు.

"పొద్దుటినుంచి రెండుసార్లు తీసుకున్నాను," అని గొణిగాడు.

"అది ఆ ఊళ్ల బల్ల. ఇది మా బల్ల."

ఆడవాళ్ల బెంచీల్లోంచి రెబెకా పిన్ని గొంతు లేచింది. రొట్టె చేసింది ఆవిడే.

"ఏమైందర్రా? మాడిందా ఏం?"

"మాడలేదు, ఊరుకో!" అని ఎవరో కసిరారు.

తిహామేర్ చేతిలోని ముక్క వైపు చూశాడు. నోట్లో వేసుకుంటే అయిపోయేది. ఎవరూ ఏమీ అనుకోరు. చెయ్యి లేవలేదు. రెండు ఊళ్లలోనూ మందుబిళ్లలా మింగేసిన సంగతి ఒక్కసారిగా కళ్లముందు నిలబడింది.

"నా వల్ల కావడం లేదు," అన్నాడు. మెల్లగా అందామనుకున్నాడు గానీ ఆ చిన్న చర్చిలో అందరికీ వినపడింది. "మీ అందరికీ ఇవ్వగలను. నాకు నేను ఇచ్చుకోలేను. ఇది నాకు కూడా అని... నాకు తెలియడం లేదు బాబాయ్."

పరువు పోయిందనుకున్నాడు తిహామేర్. పోతే పోయిందిలే, రేపెలాగూ వెళ్లిపోయేదేగా అనుకున్నాడు.

దొమొకోష్ మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూశాడు. గోడల్ని కూడా చూశాడు, అనుమతి అడుగుతున్నట్టు. పాస్టరు చెయ్యి తప్ప ఇంకో చెయ్యి ఆ బల్ల మీది రొట్టె ఇవ్వకూడదు. ఆ సంగతి ఊళ్లో అందరికన్నా గట్టిగా తెలిసినవాడు ఆయనే. ఒకప్పుడు ఎవరో పిల్లాడు బల్ల మీది ద్రాక్షారసం గిన్నె ముట్టుకున్నాడని నెలరోజులు ఆ ఇంటివాళ్లతో మాట్లాడలేదు.

ముందుకి వచ్చాడు. పాస్టరు వేళ్లలోంచి ఆ ముక్క తీసుకున్నాడు.

"వాక్యాలు నోటినిండా ఉన్నాయనుకున్నా. ఒక్కటీ రావడం లేదు," అన్నాడు చిరాగ్గా. తర్వాత గొంతు సవరించుకున్నాడు. ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ పిలవని పేరుతో పిలిచాడు.

"తిహామేర్! ఇది నీకు. పాస్టరువని కాదు. మూడూళ్లు తిరుగుతున్నావని కాదు. రేపు నువ్వు ప్రసంగం మానేసినా నీకే. దేవుడికి నువ్వంటే ప్రేమ. తిను, నాయనా."

నోటి దగ్గర పెట్టాడు, పసివాడికి పెట్టినట్టు. తిహామేర్ తిన్నాడు. రొట్టె గొంతులో అడ్డం పడింది, కళ్లలోంచి నీళ్లు కారాయి. అంత పెద్దమనిషి, అంగీ వేసుకుని, అందరి ముందూ నిలబడి ఏడ్చాడు. ఎన్నో ఏళ్లుగా ఇతరులకి చెబుతూ వచ్చిన మాట తనని వెతుక్కుంటూ వచ్చి తగిలింది. దుఃఖమో సంతోషమో తెలియలేదు. అలసట మాత్రం పోలేదు, కాళ్లు పీకుతూనే ఉన్నాయి. కానీ ఆ అలిసిన మనిషినే ఎవరో దగ్గరికి తీసుకున్నట్టయింది.

"నమిలి మింగండి అయ్యగారూ," అన్నాడు దొమొకోష్, మళ్లీ మామూలు గొంతుతో. "వెనక జనం నిలబడి ఉన్నారు."

గిన్నె కూడా ఆయనే అందించాడు. కొత్త ద్రాక్షారసం ఇంకా పుల్లగానే ఉంది. తర్వాత తిహామేర్ అంగీ చేతితో మొహం తుడుచుకుని, వరసగా అందరికీ ఇచ్చాడు. రెబెకా పిన్ని దగ్గరికొచ్చేసరికి, ఆవిడ వాక్యం వినకుండానే, "ఉప్పు సరిపోయిందా నాయనా?" అని గుసగుసగా అడిగింది. సరిపోయిందని చెప్పాడు.

బయటికొచ్చాక దొమొకోష్ కారు దాకా వెంట వచ్చాడు.

"చేసింది తప్పే," అన్నాడు నేల చూస్తూ. "డీన్‌గారికి చెప్పాలనుకుంటే చెప్పండి. పెద్దరికం వదులుకుంటాను."

"మళ్లీ చెయ్యాల్సొస్తే?"

ముసలాయన కోటు పై గుండీ సర్దుకున్నాడు. "ముందు మీరు టైముకి రండి," అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి ఎమోకె క్యాబేజీ చుట్టలు వేడి చేసి ఉంచింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. కళ్లు ఉబ్బి ఉండడం చూసి, కంచం ముందుకి జరిపింది.

"రేపు డీన్‌గారి దగ్గరికి వెళ్తున్నావా?"

"వెళ్తా. మూడూళ్లు నా వల్ల కాదు, ఒకటి వేరేవాళ్లకిమ్మని అడుగుతా."

"సిల్వాపతకేగా? మరీ దూరం, పట్టుమని పదిమంది లేరు. ఆయన కూడా అదే తీసేస్తాడు."

తిహామేర్ తల అడ్డంగా ఊపాడు.

"మిగతా రెండింట్లో ఏది తీసేసుకున్నా సరే," అన్నాడు. "అది మాత్రం ఇవ్వను."