నామాల చెరుక్కి టీకా

చోడవరం శివార్లలో సర్కారువారు అద్దాల ఇల్లు కట్టించింది ఆంధ్రరాష్ట్రం వచ్చిన మరుసటేడు. గోడలూ అద్దమే, కప్పూ అద్దమే. లోపల ఉక్క ఎంతటిదంటే, దారితప్పి దూరిన కోడిపెట్ట ఒకటి బయటికొచ్చి ఉడికిన గుడ్డే పెట్టిందని మా సత్యారావు ఒట్టేసి చెప్పేవాడు. ఆ గుడ్డు తిన్నవాణ్ణి నేనేనని చెబితే మాత్రం ఎవరూ నమ్మలేదు.

ఆ ఇంట్లో మనుషులుండరు, చెరుకుంటుంది. ఇనప డ్రమ్ముల్లో మట్టి నింపి, ఒక్కో రకం చెరుకు పెంచి, ఏది ఎర్రకుళ్ళుకి తట్టుకుంటుందో, ఏది పడిపోతుందో చూడ్డం అక్కడి పని. ఎర్రకుళ్ళంటే చెరుక్కి క్షయ లాంటిది. కొన్నాళ్ళు పైకి ఆకు పచ్చగానే ఉంటుంది, లోపల గెడ నెత్తురు రంగు తిరిగి పులిసిపోతుంది. మా చుట్టుపక్కల చేలకు చేలు అలాగే పోయాయి. గానుగలు ఊరికే నిలబడ్డాయి.

ఆ పని మీద విశాఖపట్నం నుంచి వచ్చినవాడు అబ్దుల్ రహమాన్. చిన్న వయసు, మెత్తటి మనిషి. ఊరూరా తిరిగి రైతుల్ని అడిగి చెరుకు పట్టుకెళ్ళేవాడు. రోగానికి తట్టుకున్న రకాన్ని విత్తనానికి అందరికీ పంచుతారు. తట్టుకోనిదాన్ని ఇక నాటొద్దంటారు.

మా ఊరి అచ్చియ్యమ్మది నామాల చెరుకు. గెడ పొడుగునా నామాలు దిద్దినట్టు చారలు. ఆ బెల్లం అచ్చు పగలగొడితే చీడికాడ కొండల మీది చీమలు మూటాముల్లె సర్దుకుని బయల్దేరేవని పేరు. మిగతావాళ్ళంతా ఆ రకం ఎప్పుడో వదిలేశారు. ఆవిడ ఎకరంలోనే మిగిలింది. పెనిమిటి పోయాక ఆవిణ్ణీ, కొడుకు పెదబాబునీ నిలబెట్టింది ఆ చెరుకే.

“అట్టుకెల్లి ఏటి సేస్తావు బాబూ?” అని అడిగింది రహమాన్‌ని.

చేసేది ఇది. డ్రమ్ములో ఎదిగిన గెడకి సన్నటి చిల్లు పెట్టి, సీసాలో పెంచిన రోగపు బూజుని సూదితో ఎక్కించి, పైన మైనం అద్దుతారు. కొన్నాళ్ళు పోయాక గెడని నిలువునా చీరి, రోగం ఎంత దూరం పాకిందో చూస్తారు. దానికి ఇంగ్లీషులో ఒక పేరుంది. తెలుగులో ఏమనాలో రహమాన్‌కి తోచలేదు. మశూచికి భుజం మీద గుచ్చేదాన్నీ ఇంగ్లీషులో ఆ పేరుతోనే పిలుస్తారు కదా అనుకుని, “టీకా వేస్తామమ్మా,” అన్నాడు.

టీకా సంగతి అచ్చియ్యమ్మకి తెలుసు. ఊళ్ళో అమ్మవారు పోసిన యేడు, టీకాల మనిషిని చూసి పెద్దపిల్ల పైడితల్లి గాదె చాటున దాక్కుంది. చిన్నవాడు పెదబాబు దొరికిపోయాడు. దొరికిన గుంటడు బతికాడు. దాక్కున్న గుంట దక్కలేదు.

“ఏయించు బాబూ, మా సెరుక్కి తప్పకుండా ఏయించు,” అని, చేలో మేలైన గెడలన్నీ ఏరి ఇచ్చింది.

ఆ గెడల ముక్కలు డ్రమ్ముల్లో మొలిచి ఎదిగాయి. టీకా కూడా పడింది. ఆసుపత్రిలో చుట్టాన్ని చూసినట్టు ఆవిడ వచ్చి అద్దాల్లోంచి చూసిపోయేది. ఇంతలో నాట్లు వచ్చాయి. రహమాన్ చెల్లెలి పెళ్ళికని నెల సెలవు పెట్టి ఇంటికెళ్ళాడు. ప్యూను గణపతిరావు మధ్యాహ్నం బల్ల మీద నిద్రపోతున్నాడు. అచ్చియ్యమ్మ కత్తి పట్టుకొచ్చి తన డ్రమ్ముల్లోని చెరుకు మొత్తం కొట్టుకుపోయింది.

చేనంతా తన పాత చెరుకే నాటి, ఈ టీకా పడిన ముక్కల్ని మాత్రం చేలోకి నీళ్ళు దిగే మొదట్లో, కాలవ నోటి దగ్గర నాటింది. మందు నీళ్ళలో దిగి చేనంతా పారుతుందని ఆవిడ ఆలోచన.

రహమాన్ తిరిగొచ్చేసరికి డ్రమ్ముల్లో మోళ్ళున్నాయి. ఎలుగుబంటి వచ్చి తినేసిందన్నాడు గణపతిరావు. చోడవరం ఎలుగులు తెలివైనవే గాని, కత్తి పట్టడం ఇంకా నేర్వలేదు. అదీగాక నామాల చెరుకు డ్రమ్ములు తప్ప మరొకటి ముట్టలేదు. రహమాన్ తిన్నగా అచ్చియ్యమ్మ చేను దగ్గరికి వచ్చాడు. నేనూ, ఆవిడ దిగువ చేను సత్యారావూ గట్టు మీదే ఉన్నాం.

“అమ్మా, డ్రమ్ముల్లో చెరుకు నువ్వు గాని కొట్టేవా?”

“నానే కొట్టేను. నా సెరుకు నాను కొట్టుకుంటే తప్పేటి? అదిగో, కాలవ కాడ ఏసేను. సరిగ్గా మొలవలేదు. టీకా జొరం తగిలిందేటి?”

రహమాన్ చేలోకి దిగి, రెండు చేతులా మట్టి తీసి ముందు కాలవకి అడ్డం వేశాడు. తర్వాత అన్నాడు. “అది మందు కాదమ్మా. రోగం. తట్టుకుంటుందో లేదో చూడ్డానికి రోగాన్నే ఎక్కించేను.”

“టీకా అన్నావు గదా?”

“అన్నాను.”

సత్యారావుకి వేళాకోళం ఆగదు. “ఏటి వదినా, ఊరు మొత్తానికి టీకాలేసేసేవేటి! ఆ నీళ్ళు దిగేది నా సేలోకే...” అని నవ్వబోయి, గబుక్కున తన చేను వైపు తిరిగాడు.

“నా సెరుకు తట్టుకుందేమో,” అంది అచ్చియ్యమ్మ. “తట్టుకుంటే పీకక్కర్లేదు గదా. సీరి సూడు.” కత్తి ఆవిడే ఇచ్చింది.

రహమాన్ ఒక ముక్క తవ్వితీసి చీరాడు. లోపలంతా ఎరుపు. ఎరుపుకి అడ్డంగా తెల్లమచ్చలు. పులిసిన కల్లు వాసన గట్టు దాకా కొట్టింది.

“ఇంకోటి,” అందావిడ.

రెండోదీ అంతే. మూడోదాన్ని తానే తీసి, తానే చీరి, ఒళ్ళో పెట్టుకు కూర్చుంది.

“నీళ్ళు తగిలినంత మేరా పీకాలమ్మా,” అన్నాడు రహమాన్.

“తగలని మేరేదీ? నాను సేనంతా తడిపేను.”

“పీకకపోతే సత్యారావు చేను పోతుంది. దాని దిగువదీ పోతుంది.”

అచ్చియ్యమ్మ లేచింది. మొదటి మొలక ఆవిడే పీకింది. ఊరందరి మీదా నోరు పారేసుకునే సత్యారావు పంచె ఎగ్గట్టి చేలోకి దిగాడు. పెదబాబూ, నేనూ దిగాం. పొద్దు వాలేసరికి నామాల చెరుకన్నది ఆ చేలో లేదు. గట్టు పక్కన గొయ్యి తీసి కాల్చాం. పచ్చి చెరుకు కదా, తొందరగా అంటుకోలేదు.

మంట దగ్గర అచ్చియ్యమ్మ అంది. “బాబూ, ఇంక ఆ మాట అనకు. రోగం పెడతన్నానని సెప్పు.”

“అలా చెబితే ఎవరిస్తారమ్మా చెరుకు?”

“ఇయ్యకపోతే మానీ. తెలిసి ఇచ్చినోడు నాలాగ సెరుకు కొట్టుకుపోడు.”

తర్వాత వడ్డాది సంతలో రహమాన్ ఉన్నమాటే చెప్పాడు. మీ చెరుక్కి రోగం పెట్టి చూస్తానన్నాడు. రైతులు గెడలు వెనక్కి లాక్కున్నారు. పిచ్చోడన్నారు, చేతబడన్నారు. అచ్చియ్యమ్మ అక్కడే ఆకుకూర అమ్ముతోంది. తట్ట వదిలేసి లేచివచ్చింది.

“పెట్టేది రోగవే,” అంది. “నా సెరుక్కి పెట్టేడు, అది నిలవలేదు. నిలిసేది మీ కాడ ఉందేమో, నాకేటి తెలుసు. ఇయ్యండి.”

కొందరు మోపులెత్తుకుని దాటిపోయారు. చివరికొక ముసలి రైతు కావడి దించాడు.

“రోగవే గదా పెడతావు?”

“రోగమే,” అన్నాడు రహమాన్.

ముసలాయన మోపు విప్పి, ఒక్కో గెడనీ కింద నుంచి పైదాకా తడిమి, అతని చేతుల్లో పెట్టాడు.