కొట్టేసిన ‘లు’

తప్పు దొరక్కపోతే ప్రూఫులమ్మకు అన్నం సహించదని ప్రభుత్వ ప్రెస్సులో అందరూ ఆటపట్టించేవారు. ఆ పొద్దున దొరికిన తప్పు చూసి మాత్రం ఆమె ఒళ్లు చల్లబడిపోయింది. అది తను చేసిందే.

నిన్న తను దిద్ది పంపిన ఓటుచీటీ ప్రూఫు, మేనేజరు సంతకంతో తిరిగి బల్ల మీదికొచ్చింది. కాసేపట్లో యంత్రం ఎక్కాలి. పైన ‘ఎన్నికలో పోటీదారులు’ అని ఉంటే, ఆమె ఎర్ర కలం చివరి ‘లు’ను శుభ్రంగా కొట్టేసింది. కింద చూస్తే ఐదు పేర్లు.

ఇరవై ఆరేళ్లుగా ఓటుచీటీ మీద ఉండేది దేశాన్నేలే పెద్దాయన పేరొక్కటే. ఎవరి చెయ్యి జారో ‘లు’ పడితే కొట్టేయడమే ఆమె ఉద్యోగం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. జీతంతో వచ్చిన బుద్ధీ అంతే కాబోలు.

తూర్పు దేశం నిరుడు ఓటేసింది. దక్షిణాన ఉన్నది ఈ ఏడాది మొదట్లో వేసింది. ఇరుగుపొరుగును చూసి ఇక్కడి జనం వీధుల్లోకి వస్తే, పెద్దాయన పోటీకి సరేననక తప్పలేదు. ఉత్తరాన మాత్రం ఓటుచీటీలో అచ్చుతప్పు ఉందన్న వంకతో ఎన్నికే రద్దు చేశారు. ఆ తప్పు దిద్దబోయిన ప్రెస్సువాళ్లను పోలీసు వ్యాను ఎక్కించారు. వాళ్ల జాడ ఇప్పటికీ లేదు.

అంత దూరం ఎందుకు, ఆమె భర్త ఇదే ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. పెద్దాయన పేరులో ఒక దీర్ఘం ఎగిరిపోయినందుకు నాలుగేళ్లు లోపల పెట్టారు. ఇప్పటికీ తలుపు చప్పుడైతే చాలు, కంచం ముందు నుంచి లేచి నిలబడతాడు.

ప్రూఫు చింపేద్దామంటే దానికి నంబరుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. ఆమె మేనేజరు గదిలోకి వెళ్లింది.

“సార్, ఒక తప్పు దొర్లింది.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “ఏదమ్మా? సరిగ్గానే కొట్టేశావుగా.”

ఆయన నటించడం లేదు. నిజంగానే కనబడలేదు. ఆమెకు వ్యాను కంటే దానికే ఎక్కువ భయం వేసింది.

“ఐదుగురున్నారు సార్.”

మేనేజరు ముఖంలో నెత్తురుచుక్క లేదు. లేచి తలుపు మూసి వచ్చి కూర్చున్నాడు. “నువ్వు చూడలేదు, నేనూ చూడలేదు. ఇప్పుడు దిద్దితే ఎవరు కొట్టేశారని మొదలుపెడతారు. ఎర్ర సిరా నీది, సంతకం నాది.”

“దిద్దకపోతే ఎన్నిక పోతుంది సార్.”

“పోతే పోనీ. మనం మిగులుతాం. మీ ఆయన గుర్తు లేడా?”

“ఆయన గుర్తుండబట్టే వచ్చాను సార్.”

ఆమె ఎదురు కుర్చీలో కూర్చుని, బల్ల మీదికి వంగి ‘లు’ మళ్లీ రాసింది. సంతకం పడ్డాక దిద్దితే, దిద్దినవారు పక్కన పేరు రాయాలని నియమం. ఇంటిపేరుతో సహా రాసింది. ఇన్నేళ్లలో ఆ పేరు మేనేజరు చదవడం అదే మొదటిసారి.

తలుపు చప్పుడైంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

“ప్రూఫు అయిందా సార్?” బయట యంత్రం మేస్త్రీ గొంతు.

మేనేజరు నేల చూపులు చూస్తున్నాడు. ప్రూఫులమ్మ తలుపు తీసి కాగితం అందించింది. మేస్త్రీ వెళ్లాక కూడా, యంత్రం చప్పుడు వినబడేదాకా తలుపు దగ్గరే నిలబడింది.