ఆరు ఖాళీ కుర్చీలు

మధ్యాహ్నం పన్నెండున్నర. మా యూనివర్సిటీ క్యాంటీన్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. పది మంది పట్టే పొడవాటి బల్ల దగ్గర మేం నలుగురం తెలుగువాళ్ళం తింటున్నాం. మిగతా ఆరు కుర్చీలూ ఖాళీ. ఆ ఆరింటి ముందూ ఆరు టిష్యూ పాకెట్లు ఉన్నాయి.

సింగపూర్‌లో అది చట్టం లాంటిది. అన్నం తెచ్చుకోవడానికి వెళ్ళేముందు బల్ల మీద టిష్యూ పాకెట్ పెడితే ఆ చోటు మీది. చోప్ చేయడం అంటారు. ఎంత పెద్దమనిషైనా ఆ పాకెట్ తీసి కూర్చోడు.

కెజియా తన స్టీలు డబ్బా పట్టుకుని వచ్చింది. మొదటి కుర్చీ దగ్గర ఆగి పాకెట్ చూసింది. రెండో కుర్చీ చూసింది. ఆరోదాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి నిలబడింది. ఎవరైనా వచ్చి కూర్చుంటారేమోనని ఎదురుచూసింది పాపం. ఎవరూ రారని మా నలుగురికీ తెలుసు. వెనక బల్ల నుంచి ఎవడో ఇంగ్లీషులో అరిచాడు, "ముందు మీవాళ్ళని యుద్ధం ఆపమను, తర్వాత కూర్చుందువుగాని!" నవ్వులు లేచాయి. మా నిశాంత్ కూడా నవ్వాడు.

ఎంగిలి ట్రేలు పెట్టే అరల పక్కన నిలబడి కెజియా అన్నం తిన్నది. అలా తినడం అది మూడో రోజు. నేను తల వంచుకుని పెరుగన్నం కలుపుకున్నాను. ఆ ఆరు పాకెట్లలో మూడోది నాది.

ఈ ఏడాది కొత్తగా చేరిన పిల్లలూ, ల్యాబుల్లో గాజుసీసాలు కడిగే అన్నలూ, క్యాంటీన్ అక్కలూ, ఈ కథ మీకు చెబుతున్నది నన్ను మెచ్చుకుంటారని కాదు. మెచ్చుకోవడానికి నేను చేసిందేమీ లేదు. ఒక పిల్ల కూర్చునే చోటు ఎలా పోతుందో మీరు తెలుసుకోవాలి. ముందు ఎవరో నోరు జారతారు. ఆ నోరు నాది.

నా పేరు ప్రణవి. తెనాలి దగ్గర మా ఊరు. కెమిస్ట్రీలో పరిశోధన చేస్తూ, ఎం.ఎస్‌సి. పిల్లలకి ల్యాబ్‌లో ట్యూటర్‌గా ఉండేదాన్ని. నా ఇంటిపేరు వినగానే మనవాళ్ళు ఎవరూ రెండో ప్రశ్న వెయ్యరు. కెజియా ఇంటిపేరు వింటే వేస్తారు. ఆమెదీ గుంటూరు జిల్లాయే. మొదటి రోజు "అక్కా, మీదెక్కడ?" అంటూ ఎంత సంబరంగా వచ్చిందో ఇప్పటికీ కళ్ళముందు ఉంది.

ఒకసారి ల్యాబ్ శనివారం ఉంటుందని చెప్పాను. ఆ సాయంత్రమే కెజియా నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నాకు ఆదివారం మార్చగలవా? శనివారం మేం పని చెయ్యం."

"అదేంటే, మీరు చర్చికెళ్ళేది ఆదివారం కదా?"

"మేం క్రైస్తవులం కాదక్కా. యూదులం. మా పల్లెలో కొన్ని కుటుంబాలం అంతే. ఎవరికీ చెప్పకు, ఇప్పుడు రోజులు బాలేవు."

చెప్పనన్నాను. నిజంగానే చెప్పకూడదనుకున్నాను. పశ్చిమాసియాలో యుద్ధం నడుస్తోంది. క్యాంపస్‌లో ఎక్కడ చూసినా అదే గొడవ. ఆ పిల్ల భయం నాకు అర్థమైంది కూడా.

క్లెమెంటిలో నిశాంత్ వాళ్ళ ఫ్లాట్‌లో ప్రతి ఆదివారం మా తెలుగు సంఘం భోజనాలు. ఆ వారం గోంగూర పప్పు కలుపుకుంటూ, అందరూ నావైపు చూస్తారని, నాకు తెలిసిన వింత ఒకటి ఉందని, చెప్పేశాను. ఇంటిపేరూ చెప్పాను, ఊరూ చెప్పాను. నిశాంత్ పడీపడీ నవ్వాడు.

"యూదులా? మాదిగపల్లెలో యూదులా! రిజర్వేషన్ చాల్లేదంటనా?"

నేనూ నవ్వాను. అదీ చెప్పాలి మీకు. నేనూ నవ్వాను.

వారం తిరక్కుండా ఆ మాట విద్యార్థుల గ్రూపుల్లోకి ఎక్కింది. కెజియా ఫొటో పెట్టి, పక్కన యుద్ధం ఫొటో పెట్టారు. గుంటూరు జిల్లా, సింగపూర్ తప్ప మరో చోటు చూడని పిల్లని బాంబులకి జవాబు చెప్పమన్నారు. ఆ తర్వాత మొదలయ్యాయి టిష్యూ పాకెట్లు.

కెజియా ఫిర్యాదు చేసింది. విద్యార్థి సంక్షేమ కార్యాలయంలో గోడ నిండా నవ్వుతున్న మొహాల పోస్టర్లు, వైవిధ్యమే మా బలం అని. వాటి కింద కూర్చున్న అధికారి ఆమెను అడిగాడట, పాకెట్లు పెట్టింది ఎవరు? సాక్షులెవరు? పేరు లేని ఫిర్యాదు మీద మేమేం చేస్తాం? చివరికి ఆయన తేల్చింది ఏమిటంటే, ఆమె క్షేమం కోసం ఆమెనే ఊరి అవతల ఉన్న ఇంకో ల్యాబ్‌కి మారుస్తారు. శుక్రవారంలోగా సంతకం పెట్టాలి. అక్కడ ఆమె సబ్జెక్టు చెప్పే గైడ్ లేడు. చదువు ఆగిపోతుంది, చదువు ఆగితే ఇక్కడ ఉండనిచ్చే స్టూడెంట్ పాస్ ఆగుతుంది, ఆమె ఇంటిదారి పట్టాలి. పాకెట్లు పెట్టినవాళ్ళం మాత్రం ఎక్కడివాళ్ళం అక్కడే ఉంటాం.

బుధవారం అలీనా మా ల్యాబ్‌కి వచ్చింది. హైదరాబాదీ ముస్లింల అమ్మాయి. పుట్టి పెరిగింది ఇక్కడే, సింగపూర్ ఆంగ్ మో కియోలో. నాతో ఎప్పుడూ పెద్దగా మాట్లాడింది లేదు. చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉంది.

"అక్కా, మా ముస్లిం సొసైటీ కామ్రాన్ భాయ్‌ని ఆఫీసోళ్ళు మూడుసార్లు పిలిచిండ్రు. నువ్వే చేయించినవా, మీ సొసైటీ పోరగాళ్ళే చేసిండ్రా అని. ముస్లింలు కదా, గింకెవరు చేస్తరు అనుకున్నరు, సో ఈజీ లా."

"యుద్ధం మీద మీకు కోపం ఉంది కదా, అందుకని అనుంటారు," అన్నాను. నా గొంతు నాకే అసహ్యంగా వినిపించింది.

"కోపం ఉన్నది. మస్తు ఉన్నది. గా కోపం తీస్కపోయి గుంటూరు పిల్ల కుర్చీ మీద పెడ్తనా? నేనేం పాగల్‌నా?"

సంచిని నా బల్ల మీద బోర్లించింది. పాకెట్లు. క్యాంటీన్‌లో బల్లలు తుడిచే చైనీస్ ముసలావిడ, మెయ్ ఆంటీ, రోజూ ఎవరూ కూర్చోని ఆ చోట్ల నుంచి తీసి దాచిందట. ప్రతి పాకెట్ మీదా, మేం బల్లకి ఆనించి బోర్లా పెట్టిన వైపు, పచ్చని మామిడాకుల తోరణం, కింద తెలుగులో 'ఉగాది శుభాకాంక్షలు'.

"ఇవి ఉగాదికి పంచిందెవరు అక్కా?"

మా సంఘం. ఆ బొమ్మ ఎంచి, ఆ అక్షరాలు రాసి, అచ్చు వేయించింది సంఘం కార్యదర్శినైన నేనే. మిగిలినవి నిశాంత్ ఫ్లాట్‌లోనే ఉన్నాయి.

యుద్ధం మీద కోపంతో ఎవరో చేశారని క్యాంపస్ అంతా అనుకుంటోంది. ఆ వెనకబల్ల వాడూ, ఫొటోలు పెట్టినవాళ్ళూ దానికి గొంతు కలిపారు, నిజమే. మొదలు పెట్టింది మాత్రం మేం. పక్కన కూర్చుని తినడం ఇష్టంలేని పాత రోగానికి మాకు కొత్త సాకు దొరికింది. దానికి ఇంకో మతం పిల్లాడు దోషి అవుతున్నాడు. నేను మాత్రం నోరు మూసుకుని ఉన్నాను.

గురువారం సాయంత్రం నిశాంత్ ఫ్లాట్‌లో సమావేశం పెట్టాం. పదిహేను మంది వచ్చారు. అలీనా వచ్చింది. కెజియా కూడా వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇదంతా జోక్ అండి బాబూ," అన్నాడు నిశాంత్. "నాలుగు పాకెట్లు పెడితే డిస్క్రిమినేషనా? మన పేర్లు బయటికొస్తే పాసులు క్యాన్సిల్ చేస్తారు. మన తెలుగోళ్ళ పరువేం కావాలి?"

"నేను తెలుగుదాన్ని కాదా?" అంది కెజియా.

నిశాంత్ ఫోన్ తీసి చూసుకోసాగాడు. కెజియా ఆగలేదు.

"మా అమ్మమ్మ శుక్రవారం పొద్దుగూకే ముందు దీపం పెట్టుద్ది. మీ దేవుడెవరని ఊళ్ళో ఎవరూ అడగలా. ఇల్లు ఊళ్ళోనా, పల్లెలోనా అని అడిగారు. ఇక్కడికొస్తే ఆ ప్రశ్న ఉండదనుకున్నా. మీరు రెండూ కలిపి అడిగారు. యూదుదాన్నని తరిమారో, మాదిగదాన్నని తరిమారో మీకన్నా తెలుసా?"

"నేను ఎవరికీ చెప్పలేదు, నువ్వే చెప్పుకుని ఉంటావ్," అన్నాడు ఆకాష్. నిశాంత్ రూమ్మేటు, ఆ రోజు బల్ల దగ్గరున్న నలుగురిలో ఒకడు.

అప్పుడు లేచాను. "నేను చెప్పాను. ఈ గదిలోనే, గోంగూర పప్పు తింటూ చెప్పాను. కెజియా, నీకు మాటిచ్చి తప్పాను. మూడో పాకెట్ కూడా నాదే."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. నావైపు చూసి, అలీనా వైపు తిరిగింది. "రేపేం చేద్దాం?" అని అడిగింది ఆమెను.

గోల మొదలైంది. క్షమాపణ ఉత్తరం చాలన్నారు కొందరు. క్యాంటీన్ ముందు నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని నిలబడదామన్నారు కొందరు. పర్మిట్ లేకుండా గుమిగూడితే పోలీసులొస్తారు అన్నాడు ఆకాష్.

"గుమిగూడొద్దు," అంది అలీనా. "క్యూ కడ్తాం. ఒక్కొక్కరం ఒక్క కాయితం. ఏం చూసినం, ఏం చేసినం, సొంత పేరుతోని. సింగపూర్ల క్యూ కడితే ఎవరు తప్పంటరు, హా?"

నవ్వొచ్చింది కొందరికి. ఆ నవ్వులో భయం కొంత పోయింది. రాత్రయ్యేదాకా కూర్చుని ఏం అడగాలో తేల్చుకున్నాం. బాధితురాలిని మార్చే కాగితం వెనక్కి తీసుకోవాలి. కామ్రాన్ తప్పు లేదని ఆఫీసు రాతపూర్వకంగా చెప్పాలి. జాతి, మతం పక్కన కులం అనే మాట కూడా నియమాల్లో ఎక్కాలి. పేరు పెట్టి సాక్ష్యం చెప్పినవాళ్ళ పాసుల జోలికి రాకూడదు. ఆఖరిది కెజియా చెప్పింది, పిల్లలు నమ్మి చెప్పిన మాటని బయటపెట్టే ట్యూటర్లు జవాబుదారీ కావాలని. అది చెబుతూ నావైపు చూడలేదు. నిశాంత్ మధ్యలోనే లోపలి గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

శుక్రవారం మూడు గంటలకి సంక్షేమ కార్యాలయం కిటికీ ముందు నేను నిలబడ్డాను. నా వెనక అలీనా, కెజియా, ఆకాష్, కామ్రాన్. వాళ్ళ వెనక ఫోన్లలో విషయం తెలిసి వచ్చినవాళ్ళు, తమిళులు, చైనీస్ పిల్లలు, మలయ్ పిల్లలు. యుద్ధం గురించి వాళ్ళలో వాళ్ళకే పడదు. అయినా వచ్చారు. ఏప్రన్ విప్పకుండానే మెయ్ ఆంటీ వచ్చి చేరింది. వరస మెట్లు దిగి, కారిడార్ మలుపు తిరిగింది.

సెక్యూరిటీ గార్డు పరుగున వచ్చాడు. "వాట్ ఈజ్ దిస్?"

"క్యూ, అంకుల్," అంది అలీనా.

ఆయన అటూ ఇటూ చూశాడు. ఎవరి చేతిలోనూ అట్ట లేదు, ఎవరి నోట్లోనూ నినాదం లేదు. గోడకానుకుని నిలబడ్డాడు.

అధికారి నా కాగితం తీసుకున్నాడు. "ఎవరి మీద ఫిర్యాదు?"

"నా మీద."

కళ్ళజోడు సవరించుకుని మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. ట్యూటర్ పని పోతుందని తెలుసు. స్కాలర్‌షిప్ కూడా పోవచ్చు. భయమేసింది, కానీ రాసింది వెనక్కి తీసుకోలేదు.

ఒక్కో కాగితానికీ ఆయన అరగంట తీసుకుంటున్నాడు, విసిగి వెళ్ళిపోతారని కాబోలు. ఇద్దరు కదిలేసరికి నాలుగు దాటింది. లోపల ఏదో మీటింగ్ అని కిటికీ మూసి, ఆరు కావొస్తుండగా తీశాడు. కెజియా ఆకాశం వైపు చూసింది. పొద్దు గూకేలోపు ఆమె గదికి చేరి దీపం పెట్టాలి.

"నువ్వెళ్ళు," అన్నాను. "నీ చోటు నేను పట్టి ఉంచుతాను."

"అక్కర్లేదు ప్రణవి గారూ," అంది. అంతవరకు నన్ను అక్కా అనేది. "మీరు పట్టిన చోట్లు చూశాను. మీ చోట మీరు నిలబడండి చాలు."

వెళ్ళిపోయింది. ఆమె నిలబడ్డ చోట ఎవరూ పాకెట్ పెట్టలేదు. ఆకాష్ ఒక అడుగు ఖాళీ వదిలి నిలబడ్డాడంతే. ఆరింటికి కిటికీ మూస్తూ, సోమవారం రమ్మన్నాడు అధికారి. అదే వరసలో వస్తామని చెప్పి కదిలాం.

శనివారం మెయిల్ వచ్చింది. విచారణ ముగిసేదాకా నన్ను ట్యూటర్ పని నుంచి తప్పించారు. ఏడ్చాను. ఏడ్చే హక్కు నాకుందా అని కూడా అనిపించింది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి అదే వరస. ఆకాష్ ముందు అదే ఖాళీ. రెండు రోజుల్లో వరస మూడింతలయింది. ఇంతకుముందు తమకు జరిగింది రాసుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ముస్లిమని గది ఇవ్వలేదని ఒకరు, నల్లగా ఉన్నావని గ్రూపులో చేర్చుకోలేదని ఒకరు. కెజియా నేరుగా వచ్చి తన ఖాళీలో నిలబడింది. కిటికీ తెరవగానే సంతకం లేని మార్పు కాగితాన్ని లోపలికి తోసింది.

"నేను ఎక్కడికీ వెళ్ళను సార్. నా ల్యాబ్ ఇక్కడే ఉంది."

అధికారి కాగితం చూశాడు, తల పక్కకి వంచి కారిడార్ చూశాడు. "మీ వెనక ఇంకా ఎంతమంది ఉన్నారు?"

కెజియా వెనక్కి తిరిగి చూసింది. వరస పొడవునా చూసింది. "మీరే బయటికొచ్చి చూసుకోండి సార్," అంది.

ఆయన లేచి, తలుపు తీసుకుని, బయటికొచ్చాడు. మలుపు దాకా నడిచాడు, మలుపు దాటాడు, మెట్లు దిగడం మొదలుపెట్టాడు. నా కాగితం శుక్రవారమే ఇచ్చేశాను, నాకు అక్కడ పనేం లేదు. అయినా ఆ వరసలో ఆఖరి మనిషి వెనక నిలబడ్డాను. కాసేపటికి నా వెనక ఇంకెవరో వచ్చి నిలబడ్డారు.